పరస్థలమున నివసించువాని ధర్మము

ఉద్యోగము విరమించిన గృహస్థునకు తొలినాళ్ళలో కలుగునది స్వేచ్ఛాభావము. ముప్పదియైదేండ్లు గడియారమునకు లోబడి, పైయధికారి కనుసన్నలలో మెలగినవాడు ఇక తాను ఎవ్వరికిని జవాబు చెప్పుకొనవలసిన పని లేదని తలచును. ఆ తలపు సహజమే. కాని ఆ స్వేచ్ఛను అనుభవించుటకై అతడు పుట్టినయూరు విడిచి మఱియొక చోట కాపురము పెట్టినచో, గుమ్మముకడనే అతనికి ఎదురుపడునది ఆ చోటి నిబంధన. కొలువులో నున్నంతకాలము నిబంధనలను ఇతరులచే పాటింపజేసినవాడు, ఇప్పుడు తానెఱుగని నిబంధనలకు, తన వయస్సులో సగము వయస్సుగల గుమాస్తా యెదుట నిలిచి తలయొగ్గవలెను. ముదిమిలో ఇది కష్టముగనే తోచును.

అమెరికాలోని కుమారుల యిండ్లకు పోయిన తెలుగు తల్లిదండ్రుల సంగతి ఇపుడు ఇంటింట తెలిసినదే. సందర్శకులుగా పోయినవారికి సాధారణముగా ఆఱునెలల గడువు. స్థిరనివాసమునకు అనుమతి పొందినవారు ఏడాదికి మించి స్వదేశమున నిలిచిపోయినచో ఆ అనుమతికే ముప్పు. కొన్ని చోట్ల వీథివైపు బట్టలు ఆరవేయుటకు సైతము ఇంటియజమానుల సంఘముల నిషేధము కలదు. సొంతబిడ్డ యింటిలో తడిపంచె ఆరవేసికొనుటకు ఒకరి సెలవు కావలెనా యని నొచ్చుకొనిన వృద్ధులు కలరు. ఆ నొప్పి నవ్వదగినది కాదు. అయినను అందులో పెద్ద ధర్మసందేహమేమియు లేదు. పంచె ఆరకపోయినచో ఎవ్వరికిని ప్రాణాపాయము లేదు. నిబంధన ప్రాణముతో ముడిపడిన చోట నిలిచి చూచిననే ఈ ప్రశ్న లోతు తెలియును. అట్టి చోటు పరదేశములో కాదు, భారతదేశములోనే, బంగాళాఖాతపు తూర్పుకొసన నున్న అండమాను ద్వీపములలో కలదు.

దక్షిణ అండమానున ఫెరార్‌గంజ్ తహసీలులో తుష్నాబాద్ అను గ్రామము కలదు. పోర్టుబ్లెయిరు నగరమునకు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. ఆ నగరపు సందడి ఈ పల్లెలను అంతగా సోకదు. వరిమళ్ళు, పోకచెట్లు, కొబ్బరి, అరటి, వానకు తడిసి నల్లబడిన ఇంటికప్పులు - కోనసీమనుండి వచ్చినవానికి మొదటిచూపులో ఇది క్రొత్తచోటని తోచదు. కాని పొలములకు ఆవల కొండలు, కొండలపై దట్టమైన అడవి. ఆ అడవిలో తిరూరు దిశగా పోయినకొలది జారవా జాతివారికై ప్రభుత్వము ప్రత్యేకించిన రక్షితప్రదేశము దగ్గరపడును. సాగుభూమి ముగియు చోటునకును, వేలయేండ్లుగా నాగలి యెఱుగని జీవనము మొదలగు చోటునకును నడుమ నున్నది కొద్దిదూరమే.

ఈ ద్వీపములకు తమ యిచ్ఛచే వచ్చినవారు తొలుత బహుస్వల్పము. 1858లో ఆంగ్లప్రభుత్వము ఇచట శిక్షితుల వలస నెలకొల్పెను. 1922-24 నాటి రంప పితూరీలో పాల్గొన్న మన్యపువీరులలో కొందఱిని సెల్యులర్ జైలునకు పంపిరి. తెలుగుదేశమున ద్వీపాంతరవాసమను మాటకు భయము పుట్టించినది ఈ చోటే. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట, 1949 మొదలుకొని, తూర్పు బెంగాలునుండి ఇల్లు వాకిలి కోల్పోయి వచ్చిన శరణార్థులకు దక్షిణ అండమాను పల్లెలలో భూములొసగి నిలిపిరి. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి చేపలవేటకును, కూలికిని, చిన్నవ్యాపారమునకును వచ్చిన తెలుగువారు క్రమముగా పెరిగిరి. 2011 జనాభా లెక్కలలో ద్వీపవాసులలో నూటికి సుమారు పదుముగ్గురు తెలుగు మాతృభాషగా గలవారు. కావున నగరపు బజారులో తెలుగువృద్ధుడు కూరగాయలబేరము తన భాషలోనే సాగించుకొనగలడు.

ఉద్యోగవిరమణ చేసినవారిని ప్రభుత్వమే పిలిచి నిలిపిన ఉదాహరణము కూడ ఇచటనే కలదు. 1969 మొదలుకొని పదేండ్లకు పైగా గ్రేట్ నికోబారు ద్వీపమున సుమారు 330 మాజీసైనికుల కుటుంబములను నిలిపిరి. వారు పంజాబు, మహారాష్ట్రము, తమిళనాడు మొదలగు రాష్ట్రములవారు, ఆంధ్రులును అందుండిరి. ఆ ద్వీపపు అడవిలో షోంపెనులు, తీరములందు నికోబారీయులు అంతకు పూర్వమే వసించుచుండిరి. సైనికుడు ఆజ్ఞకు అలవాటుపడినవాడు. సామాన్యోద్యోగికి అట్టి అలవాటు ఉండదు. పైగా ప్రశ్నించు బుద్ధి హెచ్చు. ప్రశ్నించుట మంచిదే కావున అట్టివానినే తీసికొని విచారింతము.

శ్రీకాకుళము జిల్లాకు చెందిన ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, శ్రీవిజయపురమున కొలువు చేయుచున్న కుమారునికి దాపుగా ఉండవలెనని వచ్చి, నగరపు అద్దెలు భరింపలేక తుష్నాబాద్‌లో చిన్నయిల్లు తీసికొని, పెరటిలో నాలుగు అరటిమొక్కలు వేసికొనెననుకొందము. సాత్త్వికుడు, దైవభక్తుడు, చేతనైనంతలో దానముచేయు అలవాటు కలవాడు. మొదట నవంబరు మాసము వచ్చును. కేంద్రప్రభుత్వపు పింఛనుదారుడు తాను బ్రతికియున్నట్లు ఏటేట ఆ మాసమున ధ్రువపత్రము నొసగవలెను. దేహము తాను కానని నలువదియేండ్లుగా వేదాంతగ్రంథములు పఠించినవాడు, ఆ దేహము ఇంకను ఉన్నదని వేలిముద్రవేసి నిరూపింపవలసివచ్చుట ఒక వినోదము. శంకరభగవత్పాదులు సైతము ఇట్టి పూర్వపక్షమును ఊహించియుండరు. తరువాత భూమి సంగతి. ద్వీపములలోని భూమి మూలతః ప్రభుత్వమునకు చెందినదను సూత్రముపై 1966 నాటి భూరెవిన్యూ నిబంధన నిలిచినది. చేతనున్న సొమ్ముతో ఇష్టమువచ్చినట్లు కొనివేయుదమనిన వీలుకాదు. మనుమనికై సముద్రపుటొడ్డున ఏరిన పగడపుతునకను సైతము ద్వీపము దాటింపరాదు. ఇవి యన్నియు ఓర్పుతో తీరిపోవు చిక్కులు. వీనిని గూర్చి పెద్దగా విచారింప బనిలేదు.

అసలు చిక్కు త్రోవలో ఎదురగును. ఉత్తరపు ద్వీపములకు పోవు అండమాను ట్రంకురోడ్డు జిర్కటాంగు దాటిన పిమ్మట జారవాల అడవినడుమనుండి పోవును. వాహనములు నిర్ణీతవేళలలో, కావలివారి వెంట, వరుసగా పోవలెను. నడుమ ఆపరాదు. ఛాయాచిత్రము తీయరాదు. జారవాలు కానవచ్చినచో పలుకరింపరాదు, తినుబండారమేదియు ఇయ్యరాదు. 1956లో రాష్ట్రపతి ప్రకటించిన ఆదిమజాతుల సంరక్షణ నిబంధన దీనికి మూలము. మఱుసటియేట వారి అడవిని రక్షితప్రదేశముగా నిర్ణయించిరి. 2012లో నిబంధనను సవరించి శిక్షలను మఱింత కఠినము చేసిరి. మన వృద్ధుడు బారాటాంగునకు పోవుచు, త్రోవప్రక్కన నిలిచిన ఒక పసివానిని చూచెననుకొందము. ఆ బిడ్డ చేయిచాచెను. వృద్ధుని సంచిలో పెరటిచెట్టున పండిన అరటిపండ్లు కలవు. కిటికీ తెఱచియున్నది.

ఇచట అతని మనస్సులో లేచు ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. ఆకొన్నవానికి అన్నము పెట్టుటకంటె గొప్పధర్మము లేదని విని పెరిగినవాడతడు. గోదావరి లంకలలో ఏ వేళ ఏ జాతివాడు వచ్చినను వడ్డించి పంపిన డొక్కా సీతమ్మగారి కథ తెలుగుబిడ్డలు ఉగ్గుపాలతో విన్నదే. 1909లో ఆమె గతించి శతాబ్దము దాటినను నేటికిని అన్నదానమన్నచో ఆమె పేరే తలతురు. అట్టి సంప్రదాయమున పుట్టినవానితో, చేయిచాచిన శిశువునకు పండు ఇయ్యకుమని చెప్పు చట్టము ధర్మమునకు లోబడినదా? చట్టమునకును కరుణకును పోరు వచ్చినపుడు కరుణవైపు నిలువవలసినదే కదా? ఇదియే ప్రశ్న.

ముందుగా, ఒక చోటి నియమము పైనుండి వచ్చినవానిని ఎంతవరకు బంధించునను దానిని మన ధర్మసూత్రకారులు ఎట్లు చూచిరో తలచుట మేలు. బౌధాయనుడు దక్షిణదేశమున ఐదు, ఉత్తరదేశమున ఐదు వివాదాస్పదమైన ఆచారములను ఎంచెను. భార్యతో కూడి భుజించుట, మేనమామ కూతును పెండ్లియాడుట దక్షిణాచారములలోనివి; తెలుగింట మేనఱికము ఎఱుగనివారెవ్వరు? ఉన్నివిక్రయము, సముద్రయానము ఉత్తరాచారములలోనివి. ఒక దేశమువాడు మఱియొక దేశపు ఆచారమును తన చోట అనుష్ఠించినచో దోషమని, ఆయాచోట్ల ఆ దేశమే ప్రమాణమని ఒక పక్షమును చూపి, గౌతముడు దీనిని అంగీకరింపడని కూడ ఆయనయే చెప్పెను. అనగా చోటును బట్టి ధర్మము మాఱునాయను తగవు నేటిది కాదు. ఇందు తీర్పు ఎటులున్నను ఒకటి గమనింపదగినది: మేనఱికము సరియా కాదాయని వాదించుకొనినవారు అందఱును శాస్త్రము చదివి వాదింపగలవారు. ఎదుటిపక్షమువాడు నోరు విప్పలేని చోట, వాదమే ఎఱుగని చోట దేశాచారమును ఎవరు చెప్పవలెను?

యవనదేశపు సోక్రటీసు డెబ్బదియేండ్ల వయస్సున మరణశిక్ష పొందినపుడు, చెఱనుండి తప్పించి థెస్సలీకి పంపెదమని మిత్రులు బ్రతిమాలిరి. ఆయన పోలేదు. ఇష్టములేనిచో విడిచిపోవుటకు వీలున్న నగరములో ఇన్నియేండ్లు నిలిచినవాడు, నిలుచుటచేతనే ఆ నగరపు చట్టములకు మాట యిచ్చినవాడగునని ఆయన వాదము. పుట్టిన నగరమునకే ఈ మాట వర్తించునపుడు, ముదిమిలో కోరి ఎంచుకొనిన చోటికి మఱింత వర్తించును. విశ్రాంతుడు తుష్నాబాద్‌నకు ఎవ్వరిచేతను పంపబడలేదు. రంప ఖైదీవలె సంకెలలతో రాలేదు. బెంగాలీ శరణార్థివలె నిలువనీడ లేక రాలేదు. నచ్చినది, వచ్చెను. నచ్చనిచో ఓడ యెక్కి తిరిగిపోవచ్చును. జారవాకు ఆ వీలు లేదు. అతడు ఏ నగరమునకును మాట యిచ్చినవాడు కాడు. అతని చోటికే నగరము వచ్చినది. సోక్రటీసు వాదము వచ్చినవానిని కట్టివేయును కాని ఉన్నవానిని కట్టివేయదు. అండమానులో ఎవడు పరదేశియనుటకు ఇంతకంటె వేఱు కొలబద్ద అక్కఱలేదు.

ఇక కరుణను గూర్చి. గీతాచార్యుడు పదునేడవ అధ్యాయమున దానమును మూడు విధములుగా విభజించుచు, దేశము, కాలము, పాత్రము అను మూడింటిని చూచి, ప్రతిఫలము కోరక ఇచ్చినదే సాత్త్వికమనెను. తగనిచోట తగనివేళ ఇచ్చినదానిని తామసమున చేర్చెను. ఈ మాటలను సాధారణముగా పుణ్యక్షేత్రము, పర్వకాలము, విద్వాంసుడు అను అర్థములో చెప్పుకొందురు. ఆ యర్థము సరియే. కాని ఆకలిగొన్నవాడు ఎచటనున్నను పాత్రుడే కదా, ఇక చోటుతో పనియేమి యని సందేహించువారికి అండమాను చరిత్ర ఒక సమాధానము చెప్పుచున్నది. ఇది పుస్తకమున లేని వ్యాఖ్యానము.

1863లో రాస్ ద్వీపమున అండమానీయులకై ఒక ఆశ్రయగృహమును కార్బిన్ అను క్రైస్తవగురువు పర్యవేక్షణలో తెఱచిరి. పేరు అండమాన్ హోమ్. అన్నము పెట్టుట, వస్త్రమిచ్చుట, భాష నేర్పుట, మైత్రి పెంచుట దాని ఉద్దేశములు. దానిని నడపినవారిలో పాలకుల స్వార్థము పాలు కలదు, నిజమే. కాని అందఱును క్రూరులనుట సత్యము కాదు. మనఃపూర్వకముగా మేలుకోరినవారును ఉండిరి. ఫలమేమి? అడవిలో చెదరి బ్రతికిన జనులు ఒకచోట చేరిరి; పొగాకు, మద్యము అలవడెను; సుఖవ్యాధులు వ్యాపించెను; 1877లో తట్టువ్యాధి వచ్చి గుంపులు గుంపులుగా తుడిచిపెట్టెను. మన పిల్లలకు పది దినముల జ్వరముగా వచ్చిపోవు జబ్బు, తరతరములుగా దానిని ఎఱుగని దేహములకు మృత్యువైనది. 1858 నాటికి వేలసంఖ్యలో నుండిన గ్రేట్ అండమానీయులు 1901 లెక్కలలో 625 మంది. 1961లో 19 మంది. కత్తిచే చచ్చినవారికంటె, పెట్టినచేతులకు దాపున నిలిచినందున చచ్చినవారే హెచ్చు.

జారవాలు ఆ గృహమునకు రాలేదు. విల్లు చేతపట్టి, వచ్చినవానినెల్ల శత్రువుగా నెంచి, నూఱేండ్లకు పైగా దూరముగనే నిలిచిరి. ఆ శత్రుత్వమే వారిని బ్రదికించినది. 1997 చివరనుండి వారు తమంతట తాము అడవి వెలుపలికి శాంతముగా రాజొచ్చిరి. రెండేండ్లు గడువకముందే, 1999లో, వారిలో తట్టు కనిపించెను. ఈమాఱు వైద్యులు సమీపముననే యుండి కాపాడిరి. 2001 లెక్కలలో వారు సుమారు 240 మంది. 2011 నాటికి 380 మంది. పెరిగిన ఈ నూటనలువదిమంది పుట్టుకకు కారణములు అనేకములు కావచ్చును. దూరము పాటించిన నిబంధన అందులో ఒకటి.

వ్యాధి యొకటే కాదు. చేయిచాచుట యనునదే క్రొత్తగా నేర్పబడినది. తేనె, అడవిపంది, చేపలు, దుంపలు ఉన్న అడవిలో జారవా బిడ్డ ఎవ్వరియెదుటను చేయిచాచ నక్కఱలేదు. త్రోవవెంట పోవువారు బిస్కత్తులు విసరి నేర్పిన విద్య యిది. 2012 ఆరంభమున, జారవా స్త్రీలకు తిండి ఆశచూపి త్రోవలో నాట్యము చేయించిన దృశ్యము ప్రపంచమంతట వెల్లడియై దేశము తలవంచుకొనెను. ఆ నాట్యము చేయించినవాడు మన వృద్ధునివంటివాడు కాడు. అయినను ఆ త్రోవలో మొట్టమొదట పండు చేతికిచ్చినవాడు బహుశః దయతోనే యిచ్చియుండును. దయగలవాని పండుకును వినోదము చూడవచ్చినవాని బిస్కత్తుకును తేడా ఇచ్చువాని హృదయములో కలదు. పుచ్చుకొను బిడ్డకు అది కానరాదు. అతడు నేర్చుకొనునది ఒక్కటే: బండి వచ్చినచో చేయిచాచవలెను.

వృద్ధుడు ఇంతటితో ఊరకుండడు. ఊరకుండరాదు కూడ. అతడిట్లు అడుగును: "ఈ త్రోవ వేసినదెవరు? అడవిని చీల్చి, దినమునకు వందలకొలది వాహనములను వారి గుండెలమీదుగా నడపుచున్న ప్రభుత్వము, నా చేతిలోని ఒక్క పండును తప్పుపట్టునా?" ఈ ఆక్షేపణకు పూర్తి సమాధానము లేదు. 2002లో సర్వోన్నతన్యాయస్థానము రక్షితప్రదేశములో ఆ త్రోవను మూసివేయుడని ఆదేశించినను వాహనములు నడచుచునే వచ్చినవి. 2017లో బారాటాంగునకు సముద్రమార్గము తెఱచినను త్రోవ త్రోవగనే యున్నది. కట్టడి చేయువాడే కట్టడి మీఱినపుడు కట్టడికి గౌరవము తగ్గుట లోకసహజము. కాని ఇచట ఒక మెలిక కలదు. నిబంధనను మీఱి వృద్ధుడు ధిక్కరించునది ప్రభుత్వమునుగా అతనికి తోచును. దెబ్బ తగులునది మాత్రము ప్రభుత్వమునకు కాదు. అధికారి చేసిన తప్పుకు అధికారిని నిలదీయవచ్చును, అర్జీ వ్రాయవచ్చును, త్రోవ మానుకొని ఓడలో పోవచ్చును. పింఛనుదారులకు అర్జీలు వ్రాయుట క్రొత్త కాదు; ఆ నైపుణ్యమును ఇట్టిపనికి వినియోగించినచో మేలే. పండు ఇచ్చుట మాత్రము ఆ జాబితాలోనికి రాదు.

ఇంకొక పక్షము కూడ వినవలెను. ఇది తుష్నాబాద్ వంటి పల్లెలలోనే వినబడును. అడవియంచున భూమి పొందిన శరణార్థులు దశాబ్దములపాటు జారవాల బాణములకు భయపడుచు సేద్యము చేసిరి. రాత్రివేళ అరటిగెలలు, కొబ్బరికాయలు, ఇంటిలోని ఇనుపముక్కలు పోయెడివి. ఇరువైపుల ప్రాణములును పోయినవి. ఆ భూమి జారవాలదని వారికి చెప్పి ఇచ్చినవారు లేరు. వారు ఒక దేశవిభజనలో సర్వము కోల్పోయి, మఱియొకరి యింటిలో నిలుపబడిరి. నిన్న మొన్న వచ్చి, నెలనెల పింఛను అందుకొను విశ్రాంతుడు, పత్రికలో నాలుగు వ్యాసములు చదివి, ఆ రైతులకు ఆదిమజాతుల పట్ల కరుణను బోధింప బూనుకొనుట శోభింపదు. ఆ నిబంధన బరువును వారు మోసిరి. అతడు ఇంకను మోయ మొదలుపెట్టలేదు.

పరుల యింట మెలగవలసిన తీరును తెలుగువారికి మఱియొకరు నేర్ప బనిలేదు. విరాటపర్వము తిక్కనగారి చేతిలో ఎట్లు తెలుగైనదో పండితపామరులకు తెలియును. అజ్ఞాతవాసమునకు పోవు పాండవులకు ధౌమ్యుడు రాజసేవాధర్మమును బోధించును: చూపని ఆసనమున కూర్చుండరాదు, అడుగని సలహా చెప్పరాదు, అంతఃపురపు పరిచయములు కూడవు, మన్నించిరని పొంగరాదు. రాజసూయము చేసినవానితో ఇట్టిమాటలు చెప్పుట ఎంత చిత్రము! అయినను ధర్మరాజు విని, కంకుడై, విరాటుని కొలువున జూదపుచెలికాడుగా ఏడాది గడపెను. ఉద్యోగము విడిచినవాడు పాతహోదాను వెంట తెచ్చుకొనరాదనుటకు ఇంతకంటె నిదర్శనము లేదు.

ఆ పర్వమున ఒక ఘట్టము కలదు. ఉత్తరుడు కౌరవులను గెలిచెనని విరాటుడు పొంగిపోవుచుండగా, బృహన్నల తోడుండుటచేతనే గెలుపు కలిగెనని కంకుడనెను. కోపించి రాజు పాచికతో కొట్టెను. ముక్కునుండి నెత్తురు కాఱెను. ధర్మరాజు ఆ నెత్తుటిని నేలబడనీయక పట్టుకొని ద్రౌపదివైపు చూచెను. ఆమె సంజ్ఞ గ్రహించి పాత్ర తెచ్చి అందు పట్టెను. తన నెత్తురు నేలబడినచో విరాటుడును అతని రాజ్యమును నశించునని ధర్మరాజునకు తెలియును. దెబ్బతిన్నవాడు తాను. తప్పు రాజుది. అయినను ఆశ్రయమిచ్చిన నేలకు తనవలన కీడు వాటిల్లకూడదని, తన దేహమునుండి జాఱునది ఆ నేలను తాకకుండ ఆపుకొనెను. వ్యాధిబీజములను గూర్చి ఏమియు తెలియని కాలపు కథ యిది. అండమానులో నివసింపబోవువాడు దీనిని మఱియొకమాఱు చదువుకొనవలెను. తన ఊపిరిలో, తన చేతిస్పర్శలో, తన పండుతొక్కలో ఉన్నది తనకు హానిచేయనంతమాత్రమున ఆ నేలకు హానిచేయదని లేదు.

దీనికి విపర్యాసమైన అతిథి యొకడు ఈ ద్వీపచరిత్రలోనే కలడు. 1858 ఏప్రిలులో దూధ్‌నాథ్ తివారి యను శిక్షితుడు తోటి ఖైదీలతో పారిపోయి అడవిలో చొచ్చెను. అండమానీయులు వారిపై బడి చంపిరి. గాయపడిన ఇతనిని మాత్రము బ్రతుకనిచ్చిరి. ఏడాదిపాటు ఇతడు వారితో తిరిగెను, వారి భాష నేర్చెను, వారి పిల్లను పెండ్లియాడెను. 1859 మేనెలలో వారు వలసపై దాడికి బయలుదేరగా, ముందుగా వచ్చి ఆంగ్లేయులకు తెలిపెను. అబర్డీన్ వద్ద విల్లమ్ములు ఫిరంగుల యెదుట నిలువలేదు. ఇతనికి క్షమాభిక్ష దొరికెను; గర్భవతియైన భార్య అడవిలోనే మిగిలెను. ఇతనిని తిట్టుట సులభము. తోటి ఖైదీల ప్రాణములు కాపాడెననియు అనవచ్చును. సంకెలలలో వచ్చినవానికి విశ్వాసధర్మమెంత యని న్యాయవాదులు అడుగవచ్చును. కాని ఉప్పు తిన్నయింటిని గూర్చి తెలిసికొనినదానిని ఆ యింటిపైననే ప్రయోగించుట యను పని ఈ ద్వీపములలో తివారితో మొదలై అతనితో ముగియలేదు. త్రోవ యెఱిగిన జాలరులకు సొమ్మిచ్చి, 2018 నవంబరులో ఒక విదేశీయుడు సెంటినెల్ ద్వీపమునకు తన మతమును మోసికొనిపోయి మరణించెను. 2025 మార్చిలో మఱియొకడు అదే తీరమున కొబ్బరికాయను, పానీయపు డబ్బాను విడిచివచ్చి పట్టుబడెను. ఇరువురును తాము తీసికొనిపోవునది మంచిదనియే నమ్మిరి.

ఇచట తుదిగా మిగులు సందేహము అన్నిటికంటె కఠినమైనది. 2004లో ప్రభుత్వము ప్రకటించిన జారవావిధానము వారి స్వయంనిర్ణయమునకే పెద్దపీట వేసి, బయటివారి జోక్యము అత్యల్పముగా ఉండవలెనని చెప్పును. మాట బాగున్నది. కాని జారవాయువకులలో కొందఱు ఇపుడు హిందీ మాటలాడుదురు. వస్త్రము, వంటపాత్ర, వైద్యము అడుగుదురు. వారడిగినదానిని, వారి మేలుకై యని చెప్పి, ఇయ్యకుండుట కూడ ఒకవిధమైన దొరతనము కాదా? అడవిని అద్దాలపెట్టెగా చేసి, వారిని అందు నిలిపి, మన పూర్వుల ప్రతిమలుగా చూచుకొనుట కరుణ యగునా? ఈ ప్రశ్నలు అడుగువారందఱును దురుద్దేశము కలవారు కారు. అయితే ఎప్పుడు, ఎంతవరకు బయటికి రావలెనను నిర్ణయము వారిది. వారి భాష నేర్చి, వారిమాట విని, ఏండ్లతరబడి నిలిచి చూడగల కొలదిమంది వైద్యులకు, పరిశీలకులకు అందు కొంత పాత్ర యుండవచ్చును. వాహనపు కిటికీనుండి పండు అందించువానికి లేదు. అతని దానము ఆ నిర్ణయమును వారి చేతినుండి లాగికొనును. అదియు క్షణకాలములో, తన మనస్సు తృప్తిపడినంతలో.

మనుస్మృతిలో వానప్రస్థుని నియమములు చదివినవారికి ఒకటి తోచును. ఇల్లు విడిచి అడవికి పోయినవానికి కట్టుబాట్లు తగ్గలేదు, పెరిగినవి. నాగటిచాలున పండినది తినరాదు. ఎల్లప్పుడు ఇచ్చువాడుగా నుండవలెను, పుచ్చుకొనువాడుగా నుండరాదు. సర్వభూతములయందు దయ కలవాడై యుండవలెను. అయితే ఆ అడవిలో అంతకుముందే వసించు మనుష్యులను గూర్చి, వారికి తన రాకవలన కలుగు బాధను గూర్చి ఆ ప్రకరణమున ప్రసక్తి కానరాదు. నేటి వానప్రస్థుడు ఆ ఖాళీని తానే పూరించుకొనవలసియున్నది. ఇచ్చువాడుగా నుండుమను నియమమునకును, దయ కలవాడవు కమ్మను నియమమునకును నడుమ ఎన్నడో ఒకనాడు తడబడవలసియున్నది.

ఆనాడు వాహనములో వృద్ధుని చేయి సంచిలోనే నిలిచెననుకొందము. బిడ్డ వెనుకబడిపోయెను. ఆ రాత్రి అతనికి నిద్ర సరిగా పట్టలేదు, పట్టకపోవుటయే న్యాయము. కొన్నినెలలు గడచిన పిమ్మట పెరటిలో పండుబారిన గెల యొకటి తెల్లవారునప్పటికి లేదు. పంది కావచ్చును, పొరుగువాడు కావచ్చును, అడవినుండి వచ్చినవాడు కావచ్చును. ఠాణాలో చెప్పుమని ఇంటిప్రక్క బెంగాలీరైతు సలహా యిచ్చెను. ఆయన తండ్రినాటి భయము ఆయన కన్నులలో ఇంకను కలదు. వృద్ధుడు ఆయన మాట శ్రద్ధగా వినెను, ఎదురు చెప్పలేదు, ఠాణాకును పోలేదు. మఱుసటి గెలను కంచెకు ఆవల, అడవివైపు, వ్రేలాడగట్టి యుంచుదమా యని ఒక క్షణము మనస్సునకు వచ్చినది. ఎవ్వరును చూడరు. చట్టమునకును తెలియదు. అతడు గునపము తీసికొని, చెట్టు మొదట లేచిన పిలకను వేరుతో పెకలించి, కంచెకు ఈవల, ఇంటిగోడ దాపున నాటి నీరుపోసెను.